వెతకవచ్చు... తవ్వకూడదు

ఉద్యోగ ప్రకటన ఇచ్చి దరఖాస్తుల కోసం ఎదురుచూసే పద్ధతి ఇంకా కనుమరుగు కాలేదు గానీ, సంస్థలే అభ్యర్థులను వెతుక్కుంటూ వెళ్లడం ఇప్పుడు నియామకాల్లో మామూలు వ్యవహారమైపోయింది. ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్‌గా 2003లో మొదలైన లింక్డ్‌ఇన్‌ను 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లు పెట్టి కొనుగోలు చేసిందంటే, మనుషుల చదువు, అనుభవం, నైపుణ్యాల వివరాలు ఒకేచోట దొరకడం ఎంత ఖరీదైన వసతో వేరే చెప్పనక్కర్లేదు. ఈ వెతుకులాటను తప్పుపట్టవలసిన అవసరం లేదన్నది మా అభిప్రాయం. అభ్యర్థి ఆచూకీ కోసం తెరిచిన కిటికీలోంచే అతని ఇంటి గుట్టును కూడా చూసేస్తున్న ధోరణితోనే పేచీ. తగినవారు ఎక్కడున్నారో వెతకడానికి సామాజిక మాధ్యమాలు ఎంత పనికొస్తాయో, దొరికినవారిలో ఎవరు మేలో తేల్చడానికి అంత పనికిరావు.

ఖాళీ ఉన్న సంగతి తెలియడమే ఒకప్పుడు సగం ఉద్యోగం. లోపల తెలిసినవారున్న వాళ్లకు ముందే కబురు అందేది, మిగిలినవారికి భర్తీ అయ్యాక తెలిసేది. ఆప్తులకంటే ముఖపరిచయస్తుల ద్వారానే కొత్త కొలువుల సమాచారం ఎక్కువగా చేరుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో వాదించారు. 2 కోట్లకు పైగా లింక్డ్‌ఇన్ సభ్యుల పరిచయాలను ఐదేళ్లపాటు పరిశీలించి 2022లో సైన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం ఆ వాదనకు మొత్తంమీద బలం చేకూర్చింది. మరీ పలుచని పరిచయాలకంటే ఓ మోస్తరు పరిచయాలే ఎక్కువ అక్కరకొస్తాయని సవరించింది కూడా. ఇలా నెట్‌లోని పరిచయాల ద్వారా కబురు అందడం, సిఫారసు చేసే దిక్కులేనివారికి నిజమైన మేలే.

వెతకడంలోనూ మెలకువ కావాలి. రిక్రూటర్ చేసే పని చూడటానికి సులువు: హోదా పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, దానికి దగ్గరి పేర్లను 'ఆర్' (OR)తో కలిపి, తప్పనిసరి నైపుణ్యాన్ని 'ఆండ్' (AND)తో జోడించి, అక్కర్లేని మాట ముందు మైనస్ గుర్తు పెడితే సెర్చ్ ఇంజిన్ ఒక జాబితా ముందు పెడుతుంది. ఆ జాబితాలో లేనివారు లోకంలో లేనట్టే. డయాలసిస్ టెక్నీషియన్ కోసం వెతికే ఆసుపత్రికి, అదే పనిని ఏళ్ల తరబడి చేస్తూ ప్రొఫైల్‌లో 'రీనల్ కేర్' (మూత్రపిండాల సంరక్షణ) అని మాత్రమే రాసుకున్న మనిషి కనబడరు. లేత్ మెషీన్ మీదో, వార్డులోనో, వంటశాలలోనో రోజంతా గడిపేవారిలో చాలామందికి అసలు ప్రొఫైలే ఉండదు. అందుకే నెట్‌లో వెతుకులాట బహిరంగ ప్రకటనకు తోడుగా ఉండాలి తప్ప దాని స్థానాన్ని ఆక్రమించకూడదు. ఆ ప్రకటన ఎవరి కంట పడాలో ముందే వడగట్టే వీలుంటే అది బహిరంగం అనిపించుకోదు. వయసు, లింగం, పిన్‌కోడ్ వంటివాటిని బట్టి ఉద్యోగ ప్రకటనలను కొందరికే చూపే సదుపాయాన్ని అమెరికాలో ఫేస్‌బుక్ ఎత్తివేయడానికి పౌరహక్కుల సంఘాలు, కార్మిక సంఘం కేసులు వేయవలసి వచ్చింది. 2019లో రాజీ కుదిరాకే మార్పు వచ్చింది. తనకు కనిపించని ప్రకటన మీద ఫిర్యాదు చేయడం ఎవరి తరం?

అసలు చిక్కు షార్ట్‌లిస్టు తయారయ్యాక మొదలవుతుంది. అమెరికాలోని బోజ్‌మన్ నగరపాలక సంస్థ 2009లో ఉద్యోగార్థుల నుంచి సోషల్ మీడియా పాస్‌వర్డ్‌లు సైతం అడిగి, గగ్గోలు పుట్టాక మానుకుంది. 2012లో మేరీల్యాండ్ రాష్ట్రం అలా అడగడాన్ని చట్టంతో నిషేధించగా, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. పాస్‌వర్డ్ అడగడం ఇప్పుడు ఎవరికైనా ఎబ్బెట్టుగానే తోస్తుంది; అడగకుండా చూసేయడం మాత్రం తప్పనిపించడం లేదు. పేరు కొడితే చాలు, ఇంటర్వ్యూలో అడగకూడని మతం, గర్భం, జబ్బు, రాజకీయాభిప్రాయం, విడాకులు అన్నీ వరసగా తెరమీదకొస్తాయి. చూశాక చూడనట్టు ఉండటం అంత తేలిక కాదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 4,000కు పైగా అమెరికన్ సంస్థలకు కల్పిత దరఖాస్తులు పంపి, రెజ్యూమెలో లేని మతం వంటి వివరాలను సోషల్ మీడియా ప్రొఫైళ్లలో మాత్రమే ఉంచారు. దేశం మొత్తంమీద పెద్ద తేడా కనిపించకపోయినా, రిపబ్లికన్ పార్టీకి పట్టున్న ప్రాంతాల్లో ముస్లిం అభ్యర్థికి క్రైస్తవ అభ్యర్థికంటే ఇంటర్వ్యూ పిలుపులు తక్కువగా వచ్చాయి. పోనీ, ఇంత చూసినందుకు మెరుగైన ఉద్యోగులైనా దొరుకుతున్నారా అంటే అదీ లేదు. మరో పరిశోధక బృందం రిక్రూటర్ల చేత కాలేజీ విద్యార్థుల ఫేస్‌బుక్ ప్రొఫైళ్లకు మార్కులు వేయించి, ఆ విద్యార్థులు ఉద్యోగాల్లో చేరాక పైఅధికారులు ఇచ్చిన అంచనాలతో పోల్చి చూస్తే రెండింటికీ పొంతనే కుదరలేదు. పైగా ఆ మార్కుల్లో ఆడవారివైపు, శ్వేతజాతీయులవైపు మొగ్గు కనిపించింది. ఇక ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరి మీద పడిన కేసు వార్త రెండోవారి కొలువుకు ఎసరు పెడితే, 'మీ దరఖాస్తును ప్రస్తుతానికి పరిశీలించలేకపోతున్నాం' అన్న ఒక్క వాక్యం తప్ప ఆ మనిషికి ఇంకేమీ అందదు.

ఐరోపా సమాఖ్యలో 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం, ఒకరి వివరాలను వారి దగ్గర కాక వేరేచోట సేకరించిన సంస్థ ఆ సంగతిని సాధారణంగా నెలలోపు వారికి తెలియజేయాలి. ప్రొఫైల్ అందరికీ కనబడుతోంది గనక ఎలా పడితే అలా వాడుకోవచ్చని యజమానులు అనుకోరాదని అక్కడి డేటా రక్షణ సంస్థల ఉమ్మడి బృందం 2017లోనే చెప్పింది. భారత్ 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇందుకు భిన్నంగా, ఎవరికి వారే బహిరంగపరచిన వివరాలను తన పరిధి నుంచి తప్పించింది. ఈ మినహాయింపు మరీ విశాలమైనది. స్నేహితులు చూడాలని పెట్టిన పోస్టును, కొలువు ఇవ్వాలో వద్దో తేల్చుకునేందుకు ఇచ్చిన అనుమతిగా భావించడం సరికాదు.

సంస్థలు చేయగలిగినవి కష్టమైనవేమీ కావు. ఏ కొలువుకు ఏ వివరాలు చూడాలో వెతకడానికి ముందే రాసిపెట్టుకోవాలి. ప్రోగ్రామర్ తాను రాసిన కోడ్ ఉంచే గిట్‌హబ్ ఖాతానో, డిజైనర్ పాత పనులు ఉంచిన పేజీనో చూడటంలో తప్పులేదు. అవి పనికి సంబంధించినవే. వారి కుటుంబ ఫొటోలు కావు. పిల్లల సంరక్షణ వంటి కొలువుల్లో నేపథ్య పరిశీలన తప్పనిసరైతే, ఎంపికపై నిర్ణయం తీసుకునే మేనేజర్ కాక వేరొకరు ఆ పని చేసి, ముందుగా రాసుకున్న అంశాలను మాత్రమే నివేదించాలి. అదీ చివరి దశలో, అభ్యర్థికి చెప్పి చేయాలి. ప్రతికూలంగా ఏదైనా కనిపిస్తే వారి ముందుంచి జవాబు వినాలి. సాఫ్ట్‌వేర్‌కు అప్పగించినంత మాత్రాన బాధ్యత తప్పదు. అమెజాన్ ప్రయోగాత్మకంగా తయారుచేసిన వడపోత ప్రోగ్రాం పాత రెజ్యూమెల నుంచి నేర్చుకుని మహిళల దరఖాస్తులకు విలువ తగ్గించిందని 2018లో బయటపడింది; ఆ సరికే సంస్థ దాన్ని పక్కన పెట్టేసింది. ఇలాంటి ప్రోగ్రాంలకు ఏటా స్వతంత్ర ఆడిట్ జరగాలన్న నిబంధనను న్యూయార్క్ నగరం 2023 జులై నుంచి అమలు చేస్తోంది. అయితే మనిషి కూర్చుని చేసిన సెర్చ్‌కు రికార్డే లేకపోతే ఆడిటర్‌కు పట్టు దొరకదు. ఎవరి పేరుతో ఎప్పుడు వెతికారో, అందులోంచి ఏ వివరం నిర్ణయంలోకి వచ్చిందో నమోదు చేయడాన్ని, అభ్యర్థి అడిగితే ఆ నమోదు ప్రతిని ఇవ్వడాన్ని చట్టంలోనే చేర్చాలి. ప్రజాధనంతో నడిచే సంస్థల నియామకాల్లో చట్టం వచ్చేదాకా ఆగకుండా ఒక ఉత్తర్వుతోనే దీన్ని మొదలుపెట్టవచ్చు.