ఎడమ నుంచి కుడికి: ఇతరులు

ఫొటోలో ఎనిమిదిమంది ఉన్నారు. ముగ్గురు మగవాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని, వెనకున్న కొండను తామే కని పెంచినట్టు నిలబడ్డారు. మిగిలిన ఐదుగురు ఆడవాళ్ళు. వాళ్ళ చేతుల్లో వరసగా పార, తాడుచుట్ట, కిరసనాయిలు డబ్బా, పెద్ద గిన్నె, మళ్ళీ పార. టైపు మిషను మీద కొట్టి కింద అంటించిన కాగితం ముక్క ఇలా అంటోంది: "క్లబ్బు తొలి గుడిసెను నిర్మిస్తున్న అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి. ఇతరులు."

గుడిసె ఎవరు కడుతున్నారో మీకు కనిపిస్తూనే ఉంది. నాకూ కనిపించింది. మా చరిత్ర ఉపసంఘానికి మాత్రం మధ్యాయన మొహం ఒక్కటే కనిపించింది. దాన్ని పెద్దది చేసి పుస్తకం అట్ట మీద వేస్తున్నారు. స్థాపక అధ్యక్షుడు కదా. ఆ కళ్ళలో ఎంతటి దూరదృష్టి ఉందో వివరిస్తూ ముందుమాటలో రెండు పేజీలు ఇప్పటికే సిద్ధం.

గుంటూరు ఎండల్లో పెరిగినవాడు మంచుకొండల చరిత్ర ఉపసంఘంలో ఎలా తేలాడని అడుగుతారేమో. నాకు ఎక్సెల్ వచ్చు. అదొక్కటే నా నేరం.

న్యూజీలాండ్ దక్షిణ దీవిలో క్రైస్ట్‌చర్చ్ నుంచి పడమటి తీరానికి పోయే 73వ నంబరు రహదారి పొడుగునా, కొండల మడతల్లో స్కీ క్లబ్బులు, అంటే కాళ్ళకి పొడుగాటి పలకలు కట్టుకుని మంచు మీద జారేవాళ్ళ సంఘాలు, నక్కి ఉంటాయి. మాదీ అందులో ఒకటి. పేరు చెప్పను. చెబితే వచ్చే శీతకాలమంతా గిన్నెలు తోమే వంతు నాదే అవుతుంది. వంతులంటే నిజంగానే వంతులు. ఇవి వ్యాపార సంస్థలు కావు, లాభాలు పంచుకోరు. సభ్యులే యజమానులు, సభ్యులే కూలీలు. కొండ మీద బసకు వెళ్తే డబ్బు కట్టాక కూడా గది ఊడ్వాలి, కూరలు తరగాలి. మనం చిన్నప్పుడు బడిలో చేసిన శ్రమదానం లాంటిది వీళ్ళకీ ఉంది; ఎండాకాలంలో, అంటే డిసెంబరు, జనవరిల్లో, అందరూ పారలు పట్టుకుని కొండెక్కుతారు.

పైకి తీసుకెళ్ళే యంత్రం సంగతి చెప్పకపోతే పాపం. ఆ క్లబ్బుల్లో చాలాచోట్ల కుర్చీలు, అద్దాల డబ్బాలు ఉండవు. ఒక తాడు కప్పీల మీదుగా కొండ పైకి పరుగెడుతూ ఉంటుంది. మీ నడుముకో పటకా, దానికి కట్టిన ఇనప అడకత్తెర ఒకటి. నిజంగా అడకత్తెరే, పేరు కూడా అదే అర్థం. ముందు తాడును చేత్తో పట్టుకుని దాని వేగం అందుకోవాలి, రెండో చేత్తో అడకత్తెరను దాని మీదికి తిప్పి బిగించాలి, కప్పీ వచ్చినప్పుడల్లా వేళ్ళు నలక్కుండా జాగ్రత్తపడాలి. చేతితొడుగులు అరిగిపోతాయని వాటిమీద ఇంకో తోలు తొడుగు. అడకత్తెరలో పోకచెక్క అని చిన్నప్పటినుంచీ వింటున్న మాట నాకు నలభై రెండో ఏట, మంచులో బోర్లా పడి ఈడ్చుకుపోతున్నప్పుడు అర్థమైంది.

ఇంత చక్కగా ఈడ్చుకుపోతున్న క్లబ్బుకి ఉన్నట్టుండి చరిత్ర ఎందుకు కావలసి వచ్చిందంటే, ప్రభుత్వం వల్ల. 1908 నాటి సంఘాల చట్టం పోయి 2022లో కొత్తది వచ్చింది. దాని ప్రకారం 2026 ఏప్రిల్ 5 లోపు ప్రతి సంఘమూ మళ్ళీ నమోదు చేసుకోవాలని గడువు పెట్టారు, లేకపోతే సంఘంగా దాని కథ ముగిసినట్టే. కాగితాల కోసం అటకల మీది పెట్టెలు దించారు. పెట్టెల్లోంచి కాగితాలు, కాగితాల్లోంచి ఎలకలు, ఆ వెనకే ఒకాయన బయటికొచ్చి "మనకి ఇంత చరిత్ర ఉంది కదా, పుస్తకం వేద్దాం" అన్నాడు. మూడు అరటిపండు డబ్బాల నిండా ఉన్న సమావేశాల మినిట్స్ పుస్తకాలు మా ఇంటికొచ్చాయి.

చదివాను. మొత్తం చదివాను. ప్రతి సమావేశమూ రాలేకపోయినవారి పేర్లతో మొదలవుతుంది. ఫలానావారు రాలేనందుకు చింతిస్తున్నారు. ఆ తరవాత గత సమావేశపు మినిట్స్ సరిగ్గానే ఉన్నాయని తీర్మానం. ఆ తరవాత తాడు. ఇంకా తరవాత బిస్కెట్లకయిన ఖర్చు ఎక్కువైందన్న ఆందోళన. దశాబ్దాల తరబడి ప్రతి నెలా ఎవరు రాలేదో నేను తడుముకోకుండా చెప్పగలను. వచ్చినవాళ్ళు ఎవరో, వచ్చి ఏం చేశారో చెప్పమంటే మాత్రం చేతులెత్తేస్తాను. హాజరైనవారిని మరిచిపోయి గైర్హాజరైనవారిని అమరుల్ని చేసిన రచన నేను ఇంకోటి చూడలేదు.

ఇక ఇంజను.

మొదటి తాడును లాగిన ఇంజను ఏ లారీది అన్నది మా ఉపసంఘం ముందున్న మహా సమస్య. ఆ రోజుల్లో పాత కార్లవీ లారీలవీ ఇంజన్లు విప్పి కొండ మీద బిగించడం ఇక్కడ మామూలే. ఫోర్డు అని ఒక పెద్దాయన. షెవ్రొలే అని ఇంకో పెద్దాయన. ఇద్దరికీ ఎనభై దాటాయి, ఇద్దరికీ మోకాళ్ళు పోయాయి, ఇద్దరూ అప్పటికి నిక్కర్లు వేసుకునే వయసువాళ్ళు. రామాయణంలో పిడకలవేట అని నేను లోపల అనుకునేలోపే ఫోర్డుగారు లేచి, కళ్ళు మూసుకుని, ఆ ఇంజను చప్పుడు నోటితో చేసి చూపించారు. డుబుడుబుడుబు అని. సభ భక్తితో వింది. షెవ్రొలేగారు తల అడ్డంగా తిప్పి, నీళ్ళు తాగి, టకటకటకటక అని అందుకున్నారు. ఫోర్డుగారు ఈసారి చలిలో స్టార్టు కాని ఇంజనును వినిపించారు, దగ్గుతో సహా. అది దగ్గా ఇంజనా అన్న సందేహం ఒకరికి వచ్చింది. మళ్ళీ వినిపించారు. "మంచి ఎత్తులో గాలి పలచన కాబట్టి డుబుడుబు కొంచెం సన్నగా వినిపిస్తుంది, అదే టకటక అయి ఉండవచ్చు" అని ఒక రిటైర్డ్ ఇంజనీరు రాజీ సూత్రం ప్రతిపాదించాడు. ఇద్దరూ ఏకమై ఆయన్ని కూర్చోబెట్టారు. చివరికి "తొలి ఇంజను చప్పుడు ప్రధానంగా డుబుడుబు అని ఈ సభ అభిప్రాయపడుతోంది" అని ఒకరు తీర్మానం పెట్టారు, ఒకరు బలపరిచారు, "ప్రధానంగా" అన్న మాట తీసేయాలని ఒకరు సవరణ తెచ్చారు. వీటన్నిటినీ ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నది నేను. డుబుడుబుకి ఒక గడి, టకటకకి ఒక గడి.

ఇదంతా జరుగుతుండగా ఒక పెద్దావిడ కప్పుల్లో టీ పోస్తోంది. ఎనభై ఆరేళ్ళు. ఇక్కడ అందరూ ఆమెను పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాదు, ఏదీ అనకుండా దగ్గి పలకరిస్తాను. ఆవిడ షెవ్రొలేగారి కప్పు నింపుతూ, తల ఎత్తకుండా అంది:

"అది బెడ్‌ఫోర్డు. మా నాన్న లారీ. ఇంజను విప్పింది నేనూ మా చెల్లెలూ. చెక్కపలక మీద పెట్టి లాగాం, రెండు శనివారాలు పట్టింది."

ఒక్క క్షణం గదిలో చప్పుడు లేదు. అధ్యక్షులవారు కళ్ళజోడు సరిచేసుకున్నారు. "చాలా ఆసక్తికరం. ఆ పాలు ఇటు అందిస్తారా?" అన్నారు. మళ్ళీ డుబుడుబు మొదలైంది. ఆనాటి మినిట్స్‌లో ఈ భాగం ఇలా ఉంది: "టీ విరామం."

సొమ్మొకడిది సోకొకడిది అంటారు మనవాళ్ళు. ఇక్కడ సొమ్మూ ఆవిడదే, మోతా ఆవిడదే, టీ కూడా ఆవిడదే.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెట్టెలు మళ్ళీ తీశాను. ఆడవాళ్ళ కోసం వెతికాను. వాళ్ళు ఉన్నారు, లేకేం. మొగుడి ఇంటిపేరు, దానికి ముందు మొగుడి పేరులోని మొదటి అక్షరం, దానికి ముందు "శ్రీమతి". ఇరవై ఏళ్ళు వంటిల్లు నడిపిన మనిషికి సొంత పేరు ఏ పుటలోనూ లేదు. మొగుడు పోయి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే చరిత్రలో ఇంకో మనిషి అయిపోయింది. ఏ దేశంలో? 1893లోనే ఆడవాళ్ళకి ఓటు ఇచ్చి ప్రపంచానికి దారి చూపామని చెప్పుకునే దేశంలో. ఇక్కడి వేడుకల పాత ఆహ్వానపత్రాల మీద "మహిళలు ఒక పళ్ళెం తీసుకురావలెను" అని ఉండేది. ఖాళీ పళ్ళెం కాదు, నింపి. బిస్కెట్ల ఖర్చు మినిట్స్‌లో ఎక్కింది, పళ్ళేల ఖర్చు ఎక్కలేదు. ఎందుకంటే దానికి ఖర్చు లేదు. ఉచితంగా వచ్చింది. ఉచితంగా వచ్చినదాన్ని ఎవడు రాస్తాడు?

పుస్తకం మొదటి అధ్యాయం సంగతి ఇక అడక్కండి. "1864లో ఆర్థర్ డాబ్సన్ అనే సర్వేయరు ఈ కనుమను కనిపెట్టాడు" అని మొదలు. మా 73వ నంబరు రహదారి కొండలు దాటేది ఆ కనుమలోంచే. కనిపెట్టాడట! ఈ దేశపు మూలవాసులైన మావోరీల్లో తారాపూహి అనే పెద్ద ఫలానా చోట దారి ఉందని చెబితేనే డాబ్సన్ అటు వెళ్ళాడు. అంతకు ఎన్నో తరాల ముందునుంచి మావోరీలు పడమటి తీరపు పచ్చరాయిని మోసుకుని ఈ కొండలు దాటుతూనే ఉన్నారు. మోసినవాళ్ళది "దారి", చూసినవాడిది "ఆవిష్కరణ". కనుమకి ఆర్థర్స్ పాస్ అని పేరు కూడా. ఇలాంటి మొదటి వాక్యం రాసిన చేతికి ఎనిమిదిమందిలో ఐదుగురు కనబడకపోవడంలో ఆశ్చర్యమేముంది? ఇది మరుపు కాదు. మరుపైతే ఒకసారి అధ్యక్షుణ్ణీ మరిచిపోవాలి కదా. వందేళ్ళుగా పొరపాటు ఒకే వైపు జరుగుతోందంటే అది పొరపాటు కాదు, అలవాటు కూడా కాదు, దొంగతనం.

ఇంకోటి. 1923లో 8.5 కిలోమీటర్ల ఒటిరా సొరంగం తెరుచుకుని, రైలెక్కి నగరం జనమంతా ఆర్థర్స్ పాస్‌కి విహారానికి రావడం మొదలయ్యాక, ఆస్కార్ కోబర్గర్ అనే జర్మన్ ఆ ఊళ్ళో స్కీల దుకాణం పెట్టాడు. పుస్తకంలో ఆయనకి ఆరు పేజీలు, న్యాయమే. ఆయన మనవరాలు అన్నలీస్ 1992లో ఆల్బర్‌విల్ ఒలింపిక్స్‌లో స్లాలమ్ అనే స్కీ పందెంలో రజతం గెలిచింది. దక్షిణార్ధగోళం మొత్తానికి అదే తొలి శీతకాల ఒలింపిక్ పతకం. పుస్తకంలో ఆమెకి తాతగారి అధ్యాయం చివర ఒక వాక్యం.

ఇంత ఆవేశపడిన నేను పతివ్రతనేం కాదు. ఇక్కడి తెలుగువాళ్ళం ఉగాదికి వేసిన సంచికకు సంపాదకుణ్ణి నేనే. అర్ధరాత్రి దాన్ని తీసి చూశాను. కార్యవర్గంలో పదకొండు పేర్లు, ఇంటిపేర్లతో సహా, గుండ్రటి ఫొటోలతో. రెండువందలమందికి పులిహోర కలిపినవాళ్ళకి ఒక పంక్తి: "వంటలు: మహిళా విభాగం." మా ఆవిడ ఆ విభాగంలో ఉంది. తెల్లవారాక ఆమెకి చూపించాను. "ఇప్పుడు చూశారా?" అంది. ఉగాది వెళ్ళి అప్పటికి ఏడు నెలలు.

ఆ ఆదివారం ఫొటో పట్టుకుని పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. దగ్గాను. వంటగదిలో కూర్చోబెట్టింది. ఆవిడ దగ్గర గుడిసెలోని పాత చిట్టా ఉంది, క్లబ్బు పారేస్తుంటే తెచ్చి దాచుకుందట. మినిట్స్‌లో లేనిదంతా అందులో ఉంది. ఏ రాత్రి వాయవ్యపు గాలి లేచి మంచంతా వానలో కరిగిపోయింది, ఏ పొద్దున దక్షిణపు గాలి మోకాలి లోతు మంచు తెచ్చింది, ఎన్ని బంగాళదుంపలు మిగిలాయి, ఎవరి చెప్పుల అడుగు రబ్బరు కీయా చిలకలు పీక్కుతిన్నాయి, ఎవరు వండారు. పేర్లు. అన్నీ సొంత పేర్లు. అట్ట ఒక మూల చిలకలు కొరికాయి కానీ చిట్టా బాగానే ఉంది. మా ఉపసంఘం కంటే ఆ పక్షులు నయం.

ఫొటో ఆవిడ ముందు పెట్టి పెన్ను తీశాను. పార పట్టినామె ఎవరో చెప్పింది. తాడుచుట్ట తనదే. గిన్నె చెల్లెలిది. రెండో పార పేరు కూడా చెప్పింది. ఆ పేర్లు ఇక్కడ రాయను, వాళ్ళ మనవల్ని అడగాలి.

"మరి కిరసనాయిలు డబ్బా ఆమె?"

"ఆమె కాదు. కోశాధికారి తమ్ముడు. చెవినొప్పని తలకి నా గుడ్డ కట్టుకున్నాడు. నువ్వు కళ్ళజోడు మార్చుకో, నాయనా."

ఐదుగురన్న నా లెక్క అలా నలుగురైంది. ఎక్సెల్‌లో దిద్దుకున్నాను. తరవాత మర్యాదకి నడుం మీద చేతులవాళ్ళ గురించీ అడిగాను. కుడివైపాయన కార్యదర్శి, ఎడమవైపాయన కోశాధికారి, సరిపోయింది. మధ్యాయన దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఫొటోను కిటికీ వెలుతురులో పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

"అధ్యక్షుడు ఇందులో లేడు. కెమెరా ఆయనది, ఫొటో తీస్తున్నది ఆయనే. ఇతను రొట్టెల బండి అబ్బాయి. ఆ రోజు బస్తా వీపు మీద వేసుకుని పైదాకా మోశాడు. ఊపిరందక అలా నడుం పట్టుకుని నిలబడ్డాడు."

అట్ట శుక్రవారం అచ్చుకి వెళ్ళాలి. ఫైలు నా దగ్గరే ఉంది. గురువారం రాత్రి అధ్యక్షులవారు ఫోన్ చేసి, ముందుమాటలో దూరదృష్టి గురించి ఇంకో పేరా చేర్చానని, ఒకసారి చూసి పెట్టమని అడిగారు. చూశాను. ఒక కామా సరిచేసి పంపించాను.