వెనక ఏమైనా ఉందా?

పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి చదువు, ఉద్యోగం, జీతం అన్నీ అయ్యాక పెద్దవాళ్లలో ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు, "వెనక ఏమైనా ఉందా?" అని. జీతం కనపడుతూనే ఉంది కదా, మళ్లీ ఇదేంటని ఒకప్పుడు చిరాకుపడేవాణ్ణి. ఆదాయం వేరు, ఆస్తి వేరు అని ఆర్థికవేత్తలు లెక్కలేసి చెప్పేది మా ముసలాళ్లకి ఎప్పుడో తెలుసని ఇప్పుడు అనిపిస్తోంది.

నా సంగతే చెప్తాను. 2005లో నేనూ నా పక్క బెంచీవాడూ కలిసే ఎంసెట్ రాశాం. ర్యాంకు వాడికే మెరుగ్గా వచ్చింది, అదీ వేలల్లో తేడాతో. నాది నలుగురిలో చెప్పుకునే ర్యాంకు కాదు. మా నాన్న రెండ్రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు అన్నం తింటూ "పోనీలే, లాంగ్ టర్మ్‌లో చేరు" అన్నాడు, అంటే ఏడాదంతా కోచింగ్ తీసుకుని మళ్లీ రాయమని. మాకు కాలవ కింద మూడెకరాల మాగాణి ఉంది. సెంటు కూడా అమ్మలేదు, పాసు పుస్తకం బ్యాంకులో పెడితే డబ్బొచ్చింది, అంతే. వాడి నాన్న రైసు మిల్లులో హమాలీ. ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున మొదలవడానికి ఇంకా మూడేళ్లుంది. ఆగస్టుకల్లా వాడు ఎరువుల షాపులో లెక్కలు రాయడానికి కుదిరాడు. నేను రెండోసారి రాసి సీటు తెచ్చుకున్నాను. ఊళ్లో అందరూ నేను కష్టపడ్డానన్నారు. పడ్డాను, కాదనను. కానీ కష్టపడటానికి ఇంకో ఏడాది దొరికింది నాకే.

అందుకే ఆస్తి అంటే మంచి స్కూలు, ట్యూషను, ఇంట్లో ఏసీ అని లెక్కేసుకుంటే సగమే చూసినట్టు. ఒకసారి తప్పినా కొంప మునగకపోవడం, అదీ ఆస్తి చేసే అసలు పని. సివిల్స్‌నే తీసుకోండి. జనరల్ వాళ్లకి ఆరు అటెంప్టులు, ఓబీసీలకి తొమ్మిది, ఎస్సీ ఎస్టీలకి వయసు దాటేదాకా ఎన్నయినా. రూల్ బాగానే ఉంది. మరి కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో అన్నేళ్లు గది అద్దె, మెస్ బిల్లు కట్టేదెవరు? కూలికి వెళ్లే ఇంట్లో ఇరవై ఐదేళ్ల కొడుకు సంపాదన లేకుండా చదువుతూ కూర్చుంటే ఆ ఇల్లు ఎన్ని అటెంప్టులు తట్టుకుంటుంది?

అమెరికా ఎమ్మెస్ కూడా ఇంతే. మామూలుగా ప్రభుత్వ బ్యాంకులో చదువు అప్పు ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. అంటే తాతెప్పుడో కొన్న ఇంటి స్థలం మనవడి వీసా ఫైల్లోకి వచ్చి కూర్చుంటుందన్నమాట. వాడు వెళ్లి, ఉద్యోగం దొరికితే, పంపే డాలర్లు మళ్లీ హైదరాబాద్ దగ్గర శంకర్‌పల్లి వైపు ఇంకో ప్లాటు అవుతాయి.

ఇదంతా పద్దెనిమిదేళ్లకి మొదలయ్యే వ్యవహారం కూడా కాదు. యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల అధ్యయనం ఒకటుంది. శ్రీకాకుళం నుంచి అనంతపురం, కరీంనగర్ దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు జిల్లాల్లో సుమారు మూడు వేల మంది పిల్లల్ని 2002 నుంచి వెంబడిస్తూ వస్తున్నారు. ఉన్నవాళ్ల పిల్లలకీ లేనివాళ్ల పిల్లలకీ తేడా ఐదేళ్ల వయసుకే, బడి సరిగ్గా మొదలవకముందే, తిండిలో, ఎదుగుదలలో, మాటల్లో కనపడుతోంది. ఎంసెట్ ర్యాంకు చాలా ఆలస్యంగా వచ్చే రిజల్టు.

ఇంకొకటి. ఒకే ఇంట్లో, అదే ఆస్తి మీద అన్నకి లాంగ్ టర్మ్, చెల్లికి మాత్రం "వచ్చిన సీట్లో చేరిపో". మా ఇంట్లోనూ అదే జరిగింది. ఆడపిల్లకి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమాన వాటా అని ఎన్టీఆర్ ప్రభుత్వం దేశం కంటే ముందే, 1986లో చట్టం తెచ్చింది, కేంద్రం 2005 దాకా కదల్లేదు. వాటా కాగితం మీదికి వచ్చింది గానీ, రెండో అటెంప్టులో వాటా గురించి ఏ చట్టంలోనూ లేదు.

వారసత్వం మీద పన్ను మాటెత్తితే మనకి ఒళ్లు మండుతుంది. 1953లో తెచ్చిన ఎస్టేట్ డ్యూటీ 1985లో పోయింది, సంపద పన్ను 2015 బడ్జెట్‌తో పోయింది, 2024 ఎన్నికల్లో ఆ ఊసు రాగానే ఎంత రభస అయిందో చూశాం. ఎకరం ఉన్నవాడు కూడా తన ఎకరం పోతుందేమోనని టెన్షన్ పడ్డాడు. సరే, అది ఇప్పట్లో తేలేది కాదు. నేనడిగేది చిన్నది: ఫీజు కట్టే ప్రభుత్వం, మొదటిసారి తప్పిన పేద పిల్లలకి ఆ ఒక్క ఏడాది హాస్టలు, ఇంటికి నెలకి కొంత డబ్బు ఎందుకివ్వకూడదు? ఉచితంగా కోచింగ్ ఇచ్చే స్టడీ సర్కిళ్లు ఉన్నాయి, మంచిదే, కానీ ఆ ఏడాది ఇంటికి రాని సంపాదన సంగతి అక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పోయిన జూన్‌లో ఆ పక్క బెంచీవాడు ఫోన్ చేశాడు. పెద్దమ్మాయి నీట్ రాసిందట, కొద్దిలో పోయిందట. "లాంగ్ టర్మ్‌కి ఎంతవుద్ది రా?" అన్నాడు. హాస్టల్‌తో కలిపి లక్షన్నర పైనే అని చెప్పాను. కాసేపు లైన్లో ఏమీ వినపడలేదు. తర్వాత, "నీకప్పుడు ఎంతయింది?" అన్నాడు. నాకు గుర్తులేదు. కట్టింది మా నాన్న కదా.