విదేశీ విద్యార్థులు ముందు తూము దగ్గర దిగాలి

ములుగు జిల్లాలో రామప్ప గుడి ఉన్న పాలంపేటకు దేశవిదేశాల విద్యార్థులను రప్పించి, సాంస్కృతిక భూదృశ్యాల పరిరక్షణ, రూపకల్పన మీద స్టడీ ప్రోగ్రాములు నడపాలన్న మాట 2021 జులైలో రామప్పకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పటి నుంచి తరచూ వినిపిస్తోంది. రావాల్సిందే. కానీ ఇలాంటి ప్రోగ్రాములు మామూలుగా నడిచే పద్ధతిలోనే ఇదీ నడిస్తే మనకు మిగిలేవి నాలుగు గ్రూప్ ఫొటోలు, ఒక పోస్టర్ల ప్రదర్శన. గుడి ముందు బస్సు దిగిన విద్యార్థి మదనిక శిల్పాల దగ్గరే ఆగిపోతాడు. అదే విద్యార్థిని చెరువు తూము (నీళ్లను కాలువలోకి వదిలే ద్వారం) దగ్గర దింపితే కాలువ వెంబడి, పొలాల మీదుగా ఎలాగూ గుడి దాకా వస్తాడు.

ఆ మామూలు పద్ధతి ఏమిటో తెలిసిందే. పది పన్నెండు రోజుల కార్యక్రమం. మొదట ఉపన్యాసాలు, తర్వాత కొలతల డ్రాయింగులు, ఒక పూట గ్రామస్థులతో ముచ్చట, చివర కలెక్టర్ సమక్షంలో ప్రజెంటేషన్. ఆ ప్రజెంటేషన్‌లో తప్పకుండా ఒక వ్యూ పాయింట్, ఒక హస్తకళల బజారు, చెరువు చుట్టూ ఒక సైకిల్ ట్రాక్ ఉంటాయి. ఏ దేశం విద్యార్థులైనా, ఏ చెరువైనా అవే మూడు.

కాలం ఎంపికలోనే మొదటి తప్పు జరుగుతోంది. విదేశీ కాలేజీల సెలవులు కలిసొస్తాయి, చలి హాయిగా ఉంటుంది కాబట్టి డిసెంబర్, జనవరి నెలలు ఖాయం చేస్తారు. చెరువును చదవడానికి ఇంతకంటే పనికిరాని కాలం లేదు. తూము నీళ్లలో మునిగి ఉంటుంది. మత్తడి (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు) దుంకడం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. మళ్లలో యాసంగి నాట్ల కోసం నీళ్లు నిలిపి ఉంటారు. డ్రోన్ ఎగరేసినా ఫొటోల నుంచి ఎత్తుపల్లాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ నీటి తళుకుకు తికమకపడుతుంది. నాట్లు పెరిగాక ఎగరేస్తే నేల మట్టానికి బదులు వరి పైరు మట్టం వస్తుంది. కోతలు అయిపోయి, నేల బయటపడి, నీటిమట్టం అడుక్కి దిగే ఏప్రిల్ ఆఖరు, మే నెల కొలతలకు సరైన కాలం. ఎండ మండిపోతుంది, నిజమే. తెల్లవారుజామున 5 నుంచి 9 దాకా పని చేస్తే సరిపోతుంది. ఆ తర్వాత ఆగస్టు, సెప్టెంబర్‌లో మత్తడి పోసేటప్పుడు అదే బృందం మళ్లీ రావాలి. రెండు రాకలూ కుదరని ప్రోగ్రామ్‌కు భూదృశ్యం అన్న పేరు పెట్టకూడదు.

రామప్ప విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, ఇక్కడ చెరువు గుడికి నేపథ్యం కాదు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడిని నిలిపాడు. గుట్టల మధ్య సందును మట్టికట్టతో మూసి కట్టిన చెరువు, దాని కింది ఆయకట్టు, గుడి ఒకే ఆలోచనలోంచి వచ్చాయి. ఆలయం అడవి అంచున, పొలాల నడుమ, కాకతీయుల జలాశయానికి చేరువలో ఉండటం ఈ స్థలం విలువలో భాగమని యునెస్కో సొంత వివరణే చెబుతోంది. అయినా జాబితాలో చేర్చింది (i), (iii) ప్రమాణాల కింద, అంటే సృజన గొప్పతనం, ఒక సంస్కృతికి సాక్ష్యం అన్న లెక్కన, ఒక కట్టడంగా. సాంస్కృతిక భూదృశ్యం అన్న వర్గాన్ని ప్రపంచ వారసత్వ కమిటీ 1992 నుంచే గుర్తిస్తోంది. మనం ఆ తలుపు తట్టలేదు.

ఇక మన చట్టం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అంటే గుడి చుట్టూ 300 మీటర్ల గిరి గీత. చెరువు గుడికి కిలోమీటరుకు అటూ ఇటూ దూరం. కాలువ, ఆయకట్టు, చెరువులోకి నీరు తెచ్చే అడవి వాలు చాలావరకు ఆ గీతకు బయటే. నియంత్రిత ప్రాంతంలో ఒక గది కట్టాలంటే ఢిల్లీ దాకా అనుమతి కావాలి; మత్తడిని ఒక అడుగు లేపాలంటే మాత్రం పురావస్తు శాఖ గడప తొక్కే పనే లేదు.

కాబట్టి విద్యార్థుల మొదటి పని చెరువు కొలత. దానికి ఒక క్రమం ఉంది. ముందు ఒక శాశ్వత బెంచ్‌మార్క్ రాయి పాతాలి. తూము అడుగు మట్టం, మత్తడి మట్టం, కట్ట పైమట్టం, గుడి నిలిచిన నక్షత్రాకారపు అరుగు (జగతి) అడుగు మట్టం, నాలుగూ ఆ ఒక్క రాయితోనే పోల్చి రాయాలి. ఒక్కో శాఖ దగ్గర ఒక్కో లెక్క, వేర్వేరు ఆధారాలతో ఉంటే అవి కలవవు. ఏ చెరువు దగ్గరైనా సగం తగాదాలు ఇక్కడే పుడతాయి. తర్వాత కట్ట పొడవునా ప్రతి 30 మీటర్లకు ఒక అడ్డకోత (కట్టను అడ్డంగా కోస్తే కనపడే ఆకారం) కొలిచి గీయాలి. కట్ట ఎక్కడ కుంగిందో, ఎక్కడ వాలు నిలువుగా మారిందో అప్పుడు తెలుస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్ పరీవాహక ప్రాంతం గీయడానికి పనికొస్తుంది గానీ ఆయకట్టుకు పనికిరాదు. అందులో కాంటూర్ల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) అంతరం మామూలుగా 20 మీటర్లు. ఏ మడి నీళ్లు ఏ మడికి దిగుతాయో తేలాలంటే అర మీటరు కాంటూర్లు ఉండాలి.

మట్టాలు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి పూడికతీత చాలు. పొక్లెయినర్‌కు గంటల లెక్కన కూలి. మట్టి ఎక్కడ సులువుగా దొరికితే అక్కడ తవ్వుతుంది. తూము అడుగు మట్టం కంటే లోతుగా తవ్విన గుంతలో నిలిచే నీరు చేపలకు, పశువులకు దక్కుతుందేమో గానీ పొలానికి తనంతట తాను పారదు. కాగితం మీద మాత్రం నిల్వ సామర్థ్యం పెరిగినట్టే. కట్ట అడుగుకు దగ్గరగా తవ్వితే ఏళ్ల తరబడి పేరుకున్న జిగట మట్టి పొర పోతుంది. నీటి ఊటకు అడ్డుగా ఉండేది ఆ పొరే. అది పోయాక రెండు మూడు వానాకాలాలకు కట్ట అవతలి వైపు చెమ్మ, ఆ తర్వాత బుంగ, బుంగ చూసీ వదిలేస్తే గండి.

లోపలి వాలు మీది రాతి పేర్పుదీ ఇదే కథ. పాతవాళ్లు సున్నం గానీ మరేదీ గానీ లేకుండా ఉత్త రాయి పేర్చారు. నీటిమట్టం వేగంగా దిగినప్పుడు కట్ట మట్టిలో ఇంకిన నీరు ఆ సందుల్లోంచి బయటకు వస్తుంది. 'పటిష్ఠం' చేస్తున్నామని సిమెంట్‌తో సందులు పూడిస్తే ఆ నీరు లోపలే చిక్కుకుని రాళ్లను వెనక నుంచి తోస్తుంది, పేర్పు మొత్తం జారుతుంది. కట్ట మీది పెద్ద చెట్టును నరికి వేరు వదిలేస్తే అది కుళ్లి లోపల గొట్టంలా ఖాళీ ఏర్పడుతుంది. ఇవేవీ గుడి డ్రాయింగుల్లో కనపడవు.

2023 జులైలో ఒక్క 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైన లక్ష్మీదేవిపేట ఉన్నది పాలంపేట ఉన్న వెంకటాపూర్ మండలంలోనే. ఒక చదరపు కిలోమీటరు మీద ఆ వాన అంటే దాదాపు ఆరున్నర లక్షల ఘనపు మీటర్ల నీరు. పొరుగు జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది ఆ రోజుల్లోనే. అలాంటి వానను ఎనిమిది వందల ఏళ్ల నాటి మట్టికట్ట తట్టుకోవాలంటే మత్తడి వెడల్పు, మత్తడికీ కట్ట పైమట్టానికీ మధ్య ఉన్న ఎత్తు తేడా, ఆ రెండే కాపాడాలి. నీళ్లు ఎక్కువ నిలపాలని మత్తడి లేపితే ఆ తేడా తగ్గుతుంది, పైన శిఖం (చెరువు లోపలి అంచు) భూములు మునుగుతాయి. మునిగిన శిఖం పట్టాదారు ఏదో ఒక రాత్రి మత్తడి పగలగొడతాడు. రూపకల్పన నేర్వడానికి వచ్చే విద్యార్థికి ఇంతకు మించిన పాఠం ఏ స్టూడియోలోనూ దొరకదు. దీనికితోడు దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు రామప్ప చెరువుకు చేరుతున్నాయి. వాన లెక్కతో నడిచిన చెరువు పంపుల లెక్కతో నడవడం మొదలైతే ఏటా ఎండాకాలం శిఖం తేలడం, కట్ట ఆరడం, తూము మరమ్మతుకు వీలు దొరకడం అన్నీ మారతాయి. దాని మీద కూడా ఒక బృందం కూర్చోవాలి.

దీనికి ఎదురు వాదన ఉంది. వాళ్లు వచ్చేది చదువుకోవడానికి, మన నీటిపారుదల శాఖ పని చేయడానికి కాదు. పది రోజులకు వచ్చినా ఊరికి పేరు, హోటళ్లకు గిరాకీ వస్తాయి. పల్లెను మ్యూజియంగా బిగించేస్తే రైతు బతుకు ఏం కావాలి అంటారు. చివరి మాటతో పేచీ లేదు. రైతు రెండో పంట వేసుకోవాలి, ఊరికి రోడ్డు రావాలి, పిల్లలకు పని దొరకాలి. అందుకే ఏది మార్చొచ్చో, ఏది మారిస్తే మొత్తం కూలుతుందో తేల్చే కొలతలు కావాలి. పేరు, గిరాకీ అంటారా, జాబితాలో ఉండటమే అందుకు చాలు. దానికి ప్రోగ్రామ్ అక్కర్లేదు.

బయట జరిగినవి మనకు పనికొచ్చేవే. ఇండోనేసియాలోని బాలి ద్వీపంలో సుబక్ అనే సాగునీటి సంఘాల వ్యవస్థను 2012లో సాంస్కృతిక భూదృశ్యంగానే జాబితాలో చేర్చారు. అక్కడ నీటి ఆలయాలు ఏ వాలులో ఎప్పుడు నాట్లు వేయాలో, ఎప్పుడు పొలాలు ఎండబెట్టాలో తేలుస్తాయి. 1970లలో దిగుబడి పేరుతో ఆ వరుస తప్పించాక తెగుళ్లు విజృంభించి, చివరకు పాత వరుసే నయమని తేలింది. జర్మనీలో డ్రెస్డెన్ నగరపు ఎల్బే లోయను 2004లో చేర్చి, లోయకు అడ్డంగా వంతెన కట్టినందుకు 2009లో జాబితాలోంచి తీసేశారు. ఒక్క రాతి కట్టడం కూడా కూలలేదు. భూదృశ్యం చెడింది, అంతే. మన దేశంలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ల్యాండ్‌స్కేప్ విభాగం గుజరాత్‌లోని చంపానేర్-పావగఢ్ మీద చేయించిన పని కోటల్ని వదిలి యాత్రికుల బాటను, నీటి నిర్మాణాలను పట్టుకుంది. పాలంపేటకు ఆ దారి కావాలి.

అసలు గొడవ విదేశీ విద్యార్థులతో లేదు. వాళ్లు సైకిల్ ట్రాక్ గీస్తున్నారంటే మనం కోరుతున్నది అదే కాబట్టి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ అన్నారు. చాలాచోట్ల పూడిక మట్టి పొలాలకు చేరింది, మేలే జరిగింది. దాని పక్కనే నియోజకవర్గానికో మినీ ట్యాంక్‌బండ్ అన్నారు. అప్పటి నుంచి చెరువంటే కట్ట మీద టైల్స్, రెయిలింగ్, ఎల్‌ఈడీ దీపాలు, సెల్ఫీ పాయింట్ అన్న అభిరుచి పాతుకుపోయింది. కట్ట పైభాగాన్ని టైల్స్‌తో కప్పితే కింద మట్టి కుంగినా పగుళ్లు కంటికి కనపడవు. ఇంకాల్సిన వాన నీరు పలక మీద జారి అవతలి వాలును గాడులుగా కోస్తుంది. తుమ్మ, తాటి, ఈత పోయి విదేశీ పూల మొక్కలు వస్తాయి. కట్టమైసమ్మకు గ్రానైట్ గద్దె వస్తుంది, మైసమ్మ దగ్గర మేకను కోసే జాగా మాయమవుతుంది. ఆయకట్టు రైతులు గింజలు కొలిచి ఇచ్చి పోషించుకున్న నీరటి మాత్రం చాలా ఊళ్లలో లేనే లేడు. ఏ తూము ఎన్ని గంటలు తీస్తే ఏ మడి తడుస్తుందో తెలిసిన మనిషి పోయాక మిగిలింది ఈతకొలను.

వరంగల్ నగరం కూడా ఇదే జబ్బుతో ఉంది. 2024 చివర్లో నీళ్లు వదిలి పూడికతీత మొదలుపెట్టిన భద్రకాళి చెరువు గురించి జరిగిన చర్చంతా బోటింగ్, లైటింగ్ చుట్టూ తిరిగింది. ఎగువ నుంచి ఏ వాగులు వచ్చి కలుస్తాయి, మురుగు ఎక్కడ చేరుతోంది, మత్తడి నీరు ఏ నాలాలోకి పోయి ఏ కాలనీని ముంచుతుంది అన్నవి వెనక్కి పోయాయి. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పితే తిరిగి తెరిచింది 2024లో. పద్దెనిమిదేళ్లు పట్టినా, రాళ్లకు నంబర్లు వేసుకున్నారు కాబట్టి మండపం మళ్లీ లేచింది. ఆక్రమణలో పోయిన వరద కాలువకు నంబర్లు వేసిపెట్టిన వాళ్లెవరూ లేరు.

మేడారం గురించి ఒక్క మాట. అక్కడ జాతర చరిత్రంతా గుడి లేకుండానే నడిచింది. చిలుకలగుట్ట, జంపన్నవాగు, వెదురు, అడవి దారి, ఇవే అక్కడి వారసత్వం. అలాంటి చోట డ్రాయింగ్ బోర్డు పట్టుకున్న వాళ్లు ఎంత తక్కువ గీస్తే అంత మంచిది.

ఆతిథ్యం ఎవరివ్వాలన్నది కూడా తేల్చుకోవాలి. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. వరంగల్‌లో ఎన్‌ఐటీకి సివిల్ ఇంజినీరింగ్ విభాగం, కాకతీయ యూనివర్సిటీకి చరిత్ర విభాగం ఉన్నాయి. విదేశీ విద్యార్థులెందరు వస్తే కనీసం అందరు ఇక్కడి విద్యార్థులు ఒకే బృందంలో, ఒకే స్టైపెండ్‌తో పని చేయాలి. మన పిల్లలను అనువాదకులుగా, భోజనాల ఏర్పాట్లకు వాడుకునే పద్ధతి మానాలి. కోయ మాట్లాడే విద్యార్థి లేకుండా ఎగువ అడవి సర్వేకు వెళ్లొద్దు.

ఒప్పంద పత్రంలో ఈ షరతులు రాయించుకోకుండా వచ్చే ఏడాది ఏ బృందానికీ అనుమతి ఇవ్వొద్దు: మే నెలలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి రావాలి. కొలతల ముడి డేటా, డ్రోన్ ఫైళ్లతో సహా, వెళ్లేలోపే నీటిపారుదల శాఖ డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ (డీఈ) ఆఫీసుకు, పురావస్తు శాఖకు, పాలంపేట పంచాయతీకి అందజేయాలి. నివేదిక తెలుగులో ఉండాలి, పటాల మీద మళ్ల పేర్లు రైతులు పిలిచే పేర్లే ఉండాలి. పాతిన బెంచ్‌మార్క్ రాయి ఎక్కడుందో పంచాయతీ రిజిస్టర్‌లో ఎక్కించాలి. సైకిల్ ట్రాక్ ప్రతిపాదించే బృందం, ఆ ట్రాక్ కింద కట్ట అడ్డకోత ఎలా ఉందో ముందు గీసి చూపించాలి.