చిన్న అప్పు ముందు తీర్చమనడం ఇక్కడ తప్పు

కూకట్‌పల్లిలోని ఒక కుటుంబానికి మూడు క్రెడిట్ కార్డుల బాకీలు, ఒక గోల్డ్ లోన్, ఒక చిట్టీ ఉన్నాయని ఒకరు రాసి, అన్నిటికంటే చిన్న అప్పు ముందు తీర్చమని సలహా ఇచ్చారు. మనసుకు ఊరటే, కానీ లెక్క ఒప్పుకోదు.

కార్డు మీద నెలకు 3.5 శాతం అనుకుందాం. లక్ష బాకీకి వడ్డీ 3,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 630. అంటే ఆ నెల 5,000 కడితే అసలులో తగ్గేది 870! పైగా బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ కొన్న రోజు నుంచే వడ్డీ. అదే లక్షకు నెలకు 1 శాతంతో బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుంటే వడ్డీ వెయ్యి. కాబట్టి బంగారం అప్పు చివరికి, కార్డులు ముందుకు. గోల్డ్ లోన్ తెచ్చి కార్డు తీర్చినా, కార్డు లిమిట్ తగ్గించకపోతే మాత్రం మళ్లీ గీకి ఆర్నెల్లలో రెండు అప్పులూ మిగులుతాయి.

చిట్టీ పాడి తీర్చేద్దామంటే తొందరపడకండి. జామీనుదారుల జీతం స్లిప్పులు, సంతకాలు పూర్తయ్యేదాకా డబ్బు చేతికి రాదు; కార్డు వడ్డీ ఆగదు.

చాలామంది దెబ్బతినేది చివర్లో. బాకీ నడుస్తున్న కార్డు బిల్లు మొత్తం కట్టేసినా, బిల్లు తేదీ నుంచి కట్టిన రోజు వరకు వడ్డీ మరుసటి బిల్లులో వస్తుంది. అయిపోయిందిలే అని వదిలేస్తే లేట్ ఫీజు. అది కూడా కట్టి, కార్డు మూయించి, ఇక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూ లెటర్ తీసుకోండి. బాకీ తగ్గించి ‘సెటిల్’ చేసుకుంటే సిబిల్‌లో (మీ అప్పుల చరిత్ర రిపోర్టులో) ‘సెటిల్డ్’ అని పడుతుంది, ‘క్లోజ్డ్’ అని కాదు.

రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్నది ఆర్బీఐ నిబంధన.