వచ్చే ఆదివారం గారికి, ఆటోనగర్ షెడ్డు నుంచి

మహారాజశ్రీ వచ్చే ఆదివారం గారి దివ్య సముఖానికి,

విజయవాడ ఆటోనగర్ నుంచి నలుగురు స్నేహితులూ ఒక వెల్డింగ్ బాబాయీ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మేం కడుతున్న పందెం ట్రక్కు బండి కూడా క్షేమమే. నాలుగు స్టాండ్ల మీద కదలకుండా నిలబడి ఉంది. కదలని బండికి వచ్చే ప్రమాదం ఏముంటుంది?

తమరు మమ్మల్ని గుర్తుపట్టారో లేదో. 2022 సంక్రాంతికి పటమటలో మా బ్యాంకువాడి మేడ మీద నాటుకోడి పులుసులో గారెలు ముంచుకు తింటూ ఫోన్లో డాకార్ ర్యాలీ, అదే ఎడారిలో బళ్ల పందెం, చూసిన బృందం మేమే. పేరుకే డాకార్. 1978 డిసెంబర్ 26న పారిస్‌లో బయల్దేరి సెనెగల్ రాజధాని డాకార్ దాకా పోయిన ఆ పందెం, 2020 నుంచి సౌదీ ఇసుకలో జరుగుతోంది. మేం చూసిన 2022 పందెం జనవరి 14న ముగిసింది. తిన్నె మీంచి ఎగిరి దబ్బున పడ్డ బండి ఏమీ ఎరగనట్టు దులుపుకుని పోవడం చూసి, మా లాయరు చేతిలో గారె పక్కన పెట్టేశాడు. "మావా, ఇలాంటిది మనమే కడితే?"

"ఎప్పుడు మొదలెడదాం?" అన్నాను నేను.

ముగ్గురూ ఒక్క గొంతుతో తమరి పేరే చెప్పారు.

ఆ తర్వాత తమ పేరు ఎన్నిసార్లు తలుచుకున్నామో దేవుడి పేరు కూడా అన్నిసార్లు తలుచుకుని ఉండం. కిరాణా కొట్లో 'అరువు రేపు' బోర్డు ఎన్నేళ్లు వేలాడినా అబద్ధం కాదు కదా, మా షెడ్డులో తమరు అలాంటివారు. ఒకప్పుడు ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. దయ్యం అది చదువుకుని బుద్ధిగా వెనక్కి పోయేదట. మా బండికీ చదువొచ్చినట్టుంది.

అసలు ఫిర్యాదు వినండి. బ్యాంకువాడికీ, లాయరుకీ, మందుల షాపువాడికీ, నాకూ తీరిక దొరికేది తమరి రోజునే. మా పని పడే లేతు షాపు షట్టరు దించేదీ తమరి రోజునే. ఆటోనగర్ అంటే వట్టి ఛాసిస్ తెచ్చి పడేస్తే క్యాబినూ తొట్టీ కట్టి, రంగులేసి, వెనక నెమలి బొమ్మతో సహా లారీని బయటికి పంపే చోటు. వారంలో ఆరు రోజులు అక్కడ సుత్తి చప్పుళ్లకి పక్కవాడి మాట వినపడదు. తమరొచ్చిన రోజున మాత్రం ఒక్క అర అంగుళం బోల్టు కోసం నలుగురం రెండు మోటారు సైకిళ్ల మీద ఊరంతా తిరిగి, చివరికి టీ తాగి ఇళ్లకి పోతాం. ఆ టీల ఖర్చుతో గేరుబాక్సు వచ్చేదని బ్యాంకువాడు లెక్క కట్టాడు. ఆ లెక్క ఇళ్లల్లో ఎవరికీ చూపించలేదు. ఇళ్లల్లో మేం చిట్టీ కడుతున్నామని చెప్పాం.

ఇక బాబాయి. ముప్పై ఏళ్లుగా లారీలకు బాడీలు కడుతున్నాడు. పది టన్నుల ఇసుక పోసినా నడుం వంగని బండి కావాలంటే ఆయన్నే అడగాలి. మేం అడిగింది మాత్రం ఏమీ మోయకుండా గాల్లోకి లేచి, కిందపడినా నడుం విరగని బండి. మెక్సికోలో బాహా ఎడారి పందెం 1967 నుంచి నడుస్తోంది. అక్కడి పెద్ద ట్రక్కుల వెనక చక్రం రెండున్నర అడుగుల దాకా పైకీ కిందికీ ఆడుతుంది. ఆ వీడియో చూపిస్తే బాబాయి బీడీ ఆర్పేసి మూడుసార్లు చూశాడు.

"గాల్లోకి ఎందుకు లేస్తంది?"

"స్పీడుకి, బాబాయ్."

"అక్కడ రోడ్డు లేదా?"

"లేదు."

"వేయించుకోవచ్చుగా?"

దీనికి మా లాయరు దగ్గర కూడా జవాబు లేదు. అయినా మా మీద ప్రేమ కొద్దీ, మాకు చెప్పకుండా, వెనక కమాన్ కట్టలో, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టలో, నాలుగు పట్టీలు ఎక్కువ వేశాడు. నలుగురం తొట్టి ఎక్కి గెంతినా బండి ఇంచీ దిగలేదు. అది చూసి ఆయన మురిసిపోయాడు. అవి తీయించడానికి తమరు మూడుసార్లు రావలసి వచ్చింది. మొదటిసారి మాకు అడగడానికి నోరు రాలేదు, రెండోసారి ఆయన వినలేదు.

రోల్ కేజ్ అని ఒకటి ఉంటుంది, తమరికి తెలియకపోవచ్చు. బండి పల్టీ కొడితే లోపలివాళ్ల తలకాయలు మిగలడానికి కట్టే ఇనుప పంజరం. పైపు వంచాలి. ఊరికే వంచితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. బాబాయి పాత పద్ధతి బయటికి తీశాడు. పైపు నిండా ఇసుక కూరి, రెండు కొసలా చెక్క బిరడాలు కొట్టి, గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచాలి. ఇసుకలో తడి ఉంటే ఆవిరి పట్టి బిరడా తూటాలా లేస్తుందట. అందుకని ఇల్లు కట్టగా మిగిలిన కృష్ణ ఇసుకని పెనం మీద పోసి, అట్లకాడతో తిప్పుతూ, పల్లీలు వేయించినంత ఓపిగ్గా వేయించాడు. వాసన కూడా వచ్చింది, కాలవగట్టు మీద తొలకరి వాసన. ఎడారికి పోకముందే మా బండిలోకి ఇసుక చేరింది. ఆ పెనం మా ఇంటిదని ఇప్పటికీ మా ఆవిడకి తెలియదు.

అతుకులు పెట్టిన రాత్రి బాబాయికి చలీ జ్వరం. జింకు పూత ఉన్న నీళ్ల పైపు వెల్డింగ్ చేస్తే ఆ పొగకి జ్వరం వస్తుంది. మేం కొన్నది సరిగ్గా ఆ పైపే. తర్వాత లాయరు తీరిగ్గా ఎఫ్‌ఐఏ, అంటే అంతర్జాతీయ మోటారు పందేల సంస్థ, నిబంధనలు చదివి వినిపించాడు. గొట్టానికి అతుకు ఉండకూడదు. పంజరంలో ప్రధానమైన వంపు గొట్టానికి 45 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటే మందం కనీసం 2.5, వ్యాసం 50 ఉంటే మందం 2. వంచేటప్పుడు వేడి తగలకూడదు. వంపు వ్యాసార్థం గొట్టం వ్యాసానికి మూడు రెట్లకి తగ్గకూడదు. అంటే మేం చేసినవాటిలో ఒక్కటీ పనికిరాదు. లాయరన్నవాడు చట్టం ముందు చదవాలి గానీ పని అయ్యాక చదువుతాడా? ఆ మొదటి పంజరం ఇప్పుడు బ్యాంకువాడి పెరట్లో బీరపాదుకి పందిరి. తుఫాను గాలికి కూడా చెక్కుచెదరలేదు. బీరకాయల భద్రతకి అంతర్జాతీయ ప్రమాణాలు ఉంటే పాసయ్యేది.

షాక్ అబ్జార్బర్ల కథ చిన్నదే. గతుకుల్లో లోపలి నూనె వేడెక్కి నురగ కడితే షాక్ చేతులెత్తేస్తుంది. అందుకని నైట్రోజన్‌ని రెండొందల పౌండ్ల గట్టి ఒత్తిడితో నింపుతారు. టైర్ల షాపుకి పట్టుకెళ్లాం.

"ఎంత పెట్టమంటారన్నా?"

"రెండొందలు."

కుర్రాడు క్యూఆర్ కోడ్ ముందుకు జరిపాడు.

తమరి మీద ఇంకో అభియోగం, పంచాంగంతో కుమ్మక్కవడం. మాఘం, శ్రావణం అంతా పెళ్లిళ్లు. కార్తీకంలో ఒక్కో ఆదివారానికి మూడేసి వనభోజనాలు. మాకు పనికొచ్చింది ఒక్క ఆషాఢం. మందుల షాపువాడికి 2023లో పెళ్లయింది. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్లింది, అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. ఆ నాలుగు ఆదివారాలు వాడికి షెడ్డు తప్ప దిక్కు లేదు. రెండో పంజరం మొత్తం వాడి విరహంలోనే పూర్తయింది. వెల్డింగ్ పూస, అంటే అతుకు గీత కూడా ఎంతో శ్రద్ధగా ఉంటుంది, వచ్చినవాళ్లకి చూపిస్తుంటాం.

ఇక్కడిదాకా సరదాకే రాశాను. ఒక్క విషయం మాత్రం సరదాకి కాదు.

2024 ఆగస్టు ఆఖర్లో ఒక ఆదివారం, క్లచ్ ప్లేటు మార్చాలని ఇంజను దించి బల్ల మీద పెట్టాం. సాయంత్రమైంది, చేతులు కడుక్కున్నాం. "ఎక్కించడం వచ్చే ఆదివారం" అన్నది నేనే. ఆ వచ్చే ఆదివారం సెప్టెంబర్ 1. చెప్పినట్టే వచ్చారు తమరు. బుడమేరు వాగు పొంగి మా ఊళ్లో సింగ్ నగర్ మునిగింది. మందుల షాపువాడి ఇల్లు అక్కడే. వాళ్లమ్మా, భార్యా, చంటిదీ మేడ మీద. 35 అంగుళాల టైర్లు, నేలకి అంత ఎత్తులో కూర్చున్న ఛాసిస్, దుమ్ము మింగకూడదని టాపు దాకా లేపిన గాలి గొట్టం. అన్నీ ఉన్నాయి మా బండికి. ఇంజను బల్ల మీద ఉంది.

షెడ్డులో నలుగురం దాని చుట్టూ నిలబడ్డాం. ఎవరూ ఏం మాట్లాడలేదు. బాబాయి గుడ్డతో ఇంజను మీద నూనె తుడిచాడు, తుడవాల్సిన అవసరం ఏమీ లేకపోయినా. చివరికి ఒక ట్రాక్టరు బతిమాలి దొరికించుకున్నాం, రెండో రోజుకి. అప్పటికి ప్రకాశం బ్యారేజీ మీంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది. ట్రక్కు మీద రావలసిన చంటిది ట్రాక్టరు తొట్టిలో పాల డబ్బా పట్టుకుని వచ్చింది.

ఇంజను ఆ వారమే బుధవారం రాత్రి ఎక్కించాం. నాలుగు గంటల పని.

ఇప్పుడు స్టార్టవుతుంది. షెడ్డు రేకులు అదురుతాయి, పక్క షెడ్డువాళ్లు తిడతారు. బాబాయి అద్దం పైన 'శ్రీ కనకదుర్గ ప్రసన్న' అని రాయించేశాడు, అడగలేదు. ఇలా మార్చిన బండిని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రోడ్డెక్కించకూడదని లాయరు ఈసారి ముందే చెప్పాడు. కాబట్టి జైసల్మేర్ ఇసుక దాకా సుమారు రెండు వేల కిలోమీటర్లు దాన్ని లారీ మీద మోసుకుపోవాలి. లారీ బాబాయి కట్టిందే దొరికింది. ఆ మాట విన్నప్పటినుంచి ఆయన మా బండి వంక చూడటం మానేసి, ఆ లారీ తొట్టిని గట్టి చేసే పనిలో ఉన్నాడు.

ఇట్లు
తమ విధేయుడు,
షెడ్డులో నాలుగోవాడు.

తా.క.: బాబాయి ఇప్పుడే ఫోన్ చేశాడు. తమరొచ్చే రోజున లేతు షాపు తీసే ఉంటుందట, మూడేళ్లలో మొదటిసారి. ఆ రోజున బ్యాంకువాడి బావమరిది గృహప్రవేశం. భోజనాల్లోకి బీరకాయ పచ్చడి ఉందట, మా పందిరి కాయలతోనే. నలుగురం వెళ్తున్నాం.