కుబేరుడి బాండు, బామ్మర్ది ఆప్షను

పెట్టుబడి పాఠాలకు ముంబై దాకా పోనక్కర్లేదు, అలిపిరి దాకా పోతే చాలని ఎన్నాళ్లనుంచో మొత్తుకుంటున్నాను. తిరుపతిలో వినేవాడు లేడు. వడ్డీకాసులవాడి పాదాల దగ్గర కాపురం ఉంటూ, బాండంటే ఏమిటి సామీ అని అడుగుతారు!

పెళ్లి ఖర్చులకు శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు తీసుకున్నాడు. బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులు. అసలు కలియుగాంతానికి, అందాకా వడ్డీ. బాండంటే ఇదేనయ్యా. పత్రం, దానిమీద వడ్డీ, ఒక గడువు. మన కేంద్ర ప్రభుత్వం అమ్మే బాండ్లలో పొడుగైనది 50 ఏళ్లది. దానికే మనం జాతకం చూపించుకుంటాం. కలియుగం 4,32,000 ఏళ్లు. కుబేరుడు అంత గడువుకు ఒప్పుకుని, తన డబ్బు ఇవాళ ఎంతయిందోనని ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

పోనీ, ఆయనకే అవసరం పడి పత్రాన్ని గాంధీ రోడ్డులో అమ్మకానికి పెట్టాడనుకుందాం. 100 రూపాయల పత్రం, ఏడాదికి 7 రూపాయల వడ్డీ. ఈలోగా బజార్లో వడ్డీ 8 శాతానికి ఎగబాకింది. కొనేవాడు వెర్రివాడా? 87 రూపాయల 50 పైసలైతే తీసుకుంటానంటాడు. అప్పుడే అతనికీ 8 శాతం గిడుతుంది. వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండు ధర పడుతుంది. గడువు ఎంత దూరముంటే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. అమ్మకుండా కూర్చున్నవాడికి మాత్రం రావాల్సిన 7 రూపాయలూ వస్తూనే ఉంటాయి.

షేరు సంగతి చిత్తూరు మామిడి రైతునడగండి. తోతాపురి తోటకు అప్పిచ్చినవాడు కాపు వచ్చినా రాకపోయినా వడ్డీ అడుగుతాడు. తోటలో వాటా కొన్నవాడికి గుజ్జు ఫ్యాక్టరీ మంచి ధర ఇస్తే పండగ, లేకపోతే ఆకాశం వైపు చూపు. తోట అమ్మేయాల్సి వస్తే ముందు అప్పులవాళ్లు, మిగిలితేనే వాటాదారు. అందుకే వాటాకు రాబడీ ఎక్కువే, గుండెదడా ఎక్కువే.

ఇంత చెప్పినా మా బామ్మర్దికి తోట వద్దు, పత్రం వద్దు. రేపు మామిడి ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్న పందెం కావాలి. దాన్నే ఆప్షన్స్ అంటారట. 2021-22 నుంచి మూడేళ్ల లెక్కలు తీసి, ఇలాంటి పందేలైన ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ను అదుపులో పెట్టే సెబీ తేల్చింది. మిగిలిన 7 శాతం మందీ లీలామహల్ సర్కిల్ టీ కొట్టు దగ్గరే ఉంటారు. వాళ్ల మాటలు వింటే మీకూ అలాగే అనిపిస్తుంది.

తను పందెం కట్టిన షేర్ల సూచీ నిఫ్టీ పైకి పోతే మెట్లెక్కి వచ్చి తలనీలాలిస్తానని మావాడు మొక్కుకున్నాడు. మెట్లు 3,550. పందెం గడువు తీరే ఆ ఎక్స్‌పైరీ రోజు నిఫ్టీ దిగే మెట్ల మీద ఉంది. కల్యాణకట్టలో గుండు ఉచితం. ఇక్కడ గుండుకు బ్రోకరేజీ, దానిమీద జీఎస్టీ, ఇవిగాక లావాదేవీ పన్ను ఎస్టీటీ.

పదిహేను రోజులు ఫోన్ ముట్టుకోలేదు. నిన్న ప్రశాంతంగా వచ్చి కూర్చున్నాడు.

"బావా, స్వామికి డీమ్యాట్ ఖాతా ఉందంట కదా?"

ఉంది. షేర్లు దాచుకునే ఆ ఖాతాను, భక్తులు షేర్లు కానుకగా ఇచ్చేందుకు టీటీడీ 2015లో తెరిచింది. ఎందుకు అన్నాను.

టిప్ వచ్చిందని ఎప్పుడో కొన్న ఒక కంపెనీ షేర్లు మావాడి దగ్గర ఉన్నాయి. రెండేళ్లుగా వాటిని కొనే నాథుడు లేడు. వాటిని స్వామికి సమర్పించుకుంటాడట.

"కుబేరుడి వడ్డీలో జమ అవుతాయి కదా బావా!"

కుబేరుడు తీసుకుంటాడా అన్నది నా సందేహం. రావిచెట్టును అడగాలి.