ప్లాస్టిక్ గారికి పేరు విషయమై బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్లాస్టిక్ గారికి,

ఉభయకుశలోపరి. మీ కుశలం అడగడం దండగే, మురిక్కాలవలో పారేసినా మీకేం కాదు. నేరుగా విషయానికొస్తాం. మీరు వాడుకుంటున్న పేరు మీది కాదు. మీరు పుట్టడానికి మూడొందల ఏళ్ల ముందే ఇంగ్లీషువాళ్ల దగ్గర ఆ మాట చెలామణిలో ఉంది. గ్రీకులో మట్టినో మైనాన్నో మలచడమనే క్రియ నుంచి పుట్టి, లాటిన్ మీదుగా 16వ శతాబ్దం చివర్లో అక్కడికి చేరింది. మలిస్తే ఒదిగే వస్తువుకే కాదు, మలిచే శక్తికీ అదే పేరు. శిల్పం, కుండల పని ఇప్పటికీ ప్లాస్టిక్ కళలే. ఆ సంగతి తెలియక మీ కుర్చీల ఎగ్జిబిషన్ అనుకుని వచ్చేవాళ్లకు జవాబు చెప్పుకోలేక చస్తున్నాం.

ఆ పేరుకు ఒకప్పుడు ఎంత హోదా ఉండేదో వినండి. 1678లో కేంబ్రిడ్జ్ తత్వవేత్త రాల్ఫ్ కడ్‌వర్త్ ‘ప్లాస్టిక్ ప్రకృతి’ అనే ఉద్యోగాన్ని ప్రతిపాదించాడు. ప్రతి ఈగ కాలునూ దేవుడే స్వయంగా కూర్చుని చేస్తున్నాడనడం ఆయన స్థాయికి తగదు. అన్నీ వాటంతటవే జరిగిపోతున్నాయంటే నాస్తికులు గెలుస్తారు. అందుకని మధ్యలో ఒక కింది ఉద్యోగిని వేశాడు. దానికి స్పృహ ఉండదు, ఎందుకు చేస్తున్నదీ తెలియదు, పై ఆజ్ఞ ప్రకారం పదార్థాన్ని మలుస్తూ పోతుంది. సృష్టిలో ఎక్కడైనా వంకర వస్తే ఆ తప్పు పైవాడికి అంటదు, కింది ఉద్యోగి ఖాతాలో పడుతుంది. (ఈ ఏర్పాటు మన ఆఫీసుల్లో ఇప్పటికీ చక్కగా నడుస్తోంది.)

అంతకు ముందేడే, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్ రాళ్లలో గవ్వల ఆకారాలు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు ప్రకృతి పరిశీలకుడు రాబర్ట్ ప్లాట్ అవి జీవుల అవశేషాలు కావని, భూమిలో దాగిన ప్లాస్టిక్ శక్తి ఏదో రాతిని అలా మలిచిందని చెప్పే వైపే మొగ్గాడు. శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ఒప్పుకోలేదు, అవి జీవుల అవశేషాలే అన్నాడు, చివరికి హుక్ మాటే నెగ్గింది. ఓడిపోయిన సిద్ధాంతమే కావచ్చు. కానీ ఆ రోజుల్లో ప్లాస్టిక్ గవ్వను తయారుచేసేది. ఇప్పుడు బీచిలో గవ్వ కోసం వంగితే చేతికి మీరు తగులుతున్నారు.

మా అసలు ఫిర్యాదు ఆపరేషన్ థియేటర్ సంగతి. ప్లాస్టిక్ సర్జరీ అనగానే లోపల మిమ్మల్ని పెట్టి కుడతారా అని అడిగేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. 1792 మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి బండ్లు తోలిన కావస్‌జీ ముక్కును టిప్పు సైనికులు కోసేశారు. పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన కొత్త ముక్కు చేసి పెట్టాడు. ఆ పద్ధతి 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. పల్చటి మైనపు రేకును ముక్కు మొండి మీద అమర్చి ఆకారం తీసుకోవాలి. దాన్ని సాపు చేసి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీయాలి. ఆ గీత వెంట చర్మాన్ని ఒలిచి, రెండు కళ్ల మధ్య మాత్రం కాస్త అంటుకుని ఉండేలా వదలాలి. రక్తం అందేది ఆ దారినే, దాన్ని తెంపారో కొత్త ముక్కు చచ్చిందే. ఒలిచిన చర్మాన్ని మెలితిప్పి కిందికి దించి, ముక్కు మొండి చుట్టూ కోసిన గాడిలో అంచును దూర్చాలి. నీళ్లలో మెత్తబడ్డ కాచు రాసిన గుడ్డ పీలికలు ఐదారు ఒకదాని మీద ఒకటి వేస్తే అతుకు కదలదు. నాలుగు రోజుల తర్వాత వాటిని తీసేసి నేతిలో ముంచిన గుడ్డ వేయాలి. పదో రోజున ముక్కుపుటాలు మూసుకుపోకుండా మెత్తటి గుడ్డ దూర్చాలి. కళ్ల మధ్య వదిలిన చర్మాన్ని 25వ రోజు ప్రాంతంలో కోసేయాలి. మైనం, చర్మం, కాచు, నెయ్యి. ఇందులో మీరెక్కడున్నారండీ? 1838లో ఎడ్వర్డ్ జైస్ అనే జర్మన్ వైద్యుడు ఈ విద్య మీద రాసిన పుస్తకానికి ప్లాస్టిక్ సర్జరీ అనే పేరు పెట్టేనాటికీ మీరు పుట్టలేదు.

మట్టి సంగతీ ఇంతే. సివిల్ ఇంజనీర్లు మట్టిలో ప్లాస్టిక్ లిమిట్ కొలుస్తారు. 425 మైక్రాన్ల జల్లెడలోంచి దిగిన మట్టిని తడిపి పిసికి, గాజుపలక మీద వేళ్లతో 3 మిల్లీమీటర్ల తాడుగా దొర్లిస్తారు. విరగకపోతే ముద్ద చేసి మళ్లీ దొర్లిస్తారు. సరిగ్గా ఆ మందం దగ్గర పొడిపొడిగా చిట్లినప్పుడు ఎంత తేమ ఉందో అదే లెక్క. వేళ్లు గట్టిగా నొక్కితే తాడు ముందే తెగి లెక్క తప్పుతుంది. నల్లరేగడి తాడుగా సాగుతూనే ఉంటుంది. ఇసుక తాడు కానే కాదు కాబట్టి రిపోర్టులో దాన్ని ‘నాన్ ప్లాస్టిక్’ అని రాస్తారు. అది చూసి పర్యావరణ హితమైన ఇసుక అని మురిసిపోకూడదు.

ఇక మీ పుట్టుక. 1907లో రసాయన శాస్త్రవేత్త లియో బేక్‌లండ్ ఫినాల్‌నూ ఫార్మాల్డిహైడ్‌నూ కలిపి వేడి పెట్టి, బుడగలు రాకుండా ఒత్తిడిలో బిగించి బేకలైట్ తీశాడు. ఒకసారి గట్టిపడితే దాన్ని ఎంత కాల్చినా మెత్తబడదు, మాడుతుంది తప్ప ఒదగదు. ఒదిగేవాటి పేరు పెట్టుకున్న మొదటి పూర్తి కృత్రిమ వంశోద్ధారకుడు ఈ బేకలైటే! మీ తమ్ముళ్లలో వేడికి కరిగేవాళ్లు ఉన్నారని ఒప్పుకుంటాం. కాకపోతే నాలుగు రకాలు కలిపి కరిగిస్తే ఒకదానికొకటి అతకక పెళుసు ముద్ద మిగులుతుంది.

కాబట్టి ఇకమీదట మీ సొంత పేర్లు వాడుకోగలరు. పాలిథిలీన్, పాలీప్రొపిలీన్, పీవీసీ. బాగానే ఉన్నాయి, కాస్త నోరు తిరగాలి, అంతే.

ఇట్లు,
ఆ పేరు పాత హక్కుదారులు

తా.క.: గంధకాన్ని మరిగేదాకా కాచి చన్నీళ్లలో సన్నధారగా పోస్తే రబ్బరులా సాగే ముద్ద వస్తుంది. దాని పేరు ప్లాస్టిక్ సల్ఫర్. కొన్నాళ్లకు ఎవరూ నోటీసు ఇవ్వకుండానే పెళుసుబారి, ఆ పేరు వదిలేసి మామూలు గంధకం అయిపోతుంది. దాన్నడిగితే ఎలాగో చెబుతుంది.